డ్రిల్లింగ్ రిజల్ట్ కోసం వెయిట్ చేస్తూ చిన్న ఆయిల్ షేర్లు ఆడటం ఎలా (బెంగళూరులో కూర్చుని)

ముందే చెప్తున్నా, ఇది ఇన్వెస్ట్‌మెంట్ కాదు, పక్కా స్పెక్యులేషన్. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు డబ్బులు దీంట్లో పెట్టే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి. పూర్తిగా పోయినా నిద్ర పట్టేంత డబ్బుతోనే ఈ ఆట.

మన ఎన్ఎస్ఈలో అసలు ఇలాంటి షేర్లు దాదాపు లేవు. ఓఎన్‌జీసీకి ఒక బావి ఎండిపోతే (అంటే తవ్వినా ఆయిల్ పడకపోతే) షేర్ కదలను కూడా కదలదు. చెన్నైలో హెడ్డాఫీస్ ఉన్న హిందుస్తాన్ ఆయిల్ ఎక్స్‌ప్లొరేషన్ చిన్న కంపెనీయే గానీ దానికి ఆల్రెడీ ప్రొడక్షన్ ఉంది, అది వేరే లెక్క. ఆదాయం సున్నా, చేతిలో ఒకటో రెండో బ్లాకులు (ఆయిల్ వెతకడానికి లైసెన్స్ ఉన్న ఏరియాలు), ఒకే బావి మీద కంపెనీ బతుకంతా, ఇలాంటివి కావాలంటే లండన్‌లో చిన్న కంపెనీల కోసం ఉన్న ఎయిమ్ మార్కెట్, ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజ్ ఏఎస్ఎక్స్, కెనడా వెంచర్ ఎక్స్ఛేంజ్ చూడాలి. అమెరికా షేర్లు మాత్రమే ఇచ్చే యాప్‌లు పనికిరావు, ఈ ఎక్స్ఛేంజ్‌లు ఇచ్చే బ్రోకర్ దగ్గర అకౌంట్ తెరిచి బ్యాంక్ నుంచి ఎల్ఆర్ఎస్ (మనం విదేశాలకి డబ్బు పంపుకోడానికి ఆర్‌బీఐ పెట్టిన స్కీమ్) కింద పంపాలి, దానికి బ్యాంక్ తీసుకునే ఫామ్ ఏ2లో పర్పస్ కోడ్ ఎస్0001. ఏడాదికి 10 లక్షలు దాటితే దాటిన దాని మీద 20% టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంక్ వసూలు చేసే ముందస్తు ట్యాక్స్) పట్టుకుంటారు (రిటర్న్‌లో అడ్జస్ట్ అవుద్ది, కానీ అప్పటిదాకా మన డబ్బు ఇరుక్కుపోద్ది). ఎల్ఆర్ఎస్ డబ్బుతో మార్జిన్ ట్రేడింగ్, అంటే బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని ఆడటం, కుదరదు. ఒక రకంగా మన మంచికే.

ఇక అసలు సంగతి. ఈ షేర్లలో డబ్బులు ఎక్కువగా బావి వల్ల రావు, బావి కోసం జనం ఎదురుచూడటం వల్ల వస్తాయి. ఎలాగంటే, కంపెనీ ముందు సీస్మిక్ (శబ్ద తరంగాలతో భూమి లోపలి సర్వే) చేసి ప్రాస్పెక్ట్, అంటే ఆయిల్ ఉండొచ్చనిపించే చోటు, చూపిస్తుంది, తర్వాత ఖర్చు పెట్టుకోడానికి పెద్ద పార్ట్‌నర్‌ని వెతుకుతుంది, దాన్ని ఫార్మవుట్ అంటారు, తర్వాత రిగ్ కాంట్రాక్ట్, రిగ్ బయల్దేరింది, స్పడ్ అయింది అంటే డ్రిల్లింగ్ మొదలైంది అని, ఇలా ఒక్కో న్యూస్‌కి షేర్ కొంచెం కొంచెం పైకి పోతుంది. కొనాల్సింది ఫార్మవుట్ అయ్యి రిగ్ ఇంకా ఖరారు కాని టైంలో, అప్పుడు ఎవడూ పట్టించుకోడు. స్పడ్ అయ్యాక ఆఫీసులో కొలీగ్ వచ్చి "బ్రో ఈ షేర్ చూశావా" అంటే అది అమ్మే టైం దగ్గర పడిందని.

ఎందుకు అమ్మాలో చిన్న లెక్క వేద్దాం. షేర్ ఇప్పుడు 100 అనుకోండి, ఆయిల్ పడితే 300, పడకపోతే 30. కంపెనీ జియాలజిస్టులే సక్సెస్ ఛాన్స్ 20% అన్నారు. 300లో 20% అంటే 60, 30లో 80% అంటే 24, కలిపితే 84. అంటే 100 పెట్టి 84 విలువైన టికెట్ కొంటున్నారన్నమాట. అదే షేర్ ఆరు నెలల ముందు 50లో ఉన్నప్పుడు కొన్నవాడికి బేరం కుదిరింది. 100 దగ్గర వాడు సగం అమ్మేస్తే అసలు వెనక్కి వచ్చేసింది, మిగతా సగం ఎండినా తడిసినా ఊరికే వచ్చిందే. రిజల్ట్‌కి ముందు కనీసం పెట్టుబడి మొత్తం బయటికి లాగేయడం, నా మట్టుకు ఇదొక్కటే రూల్, మిగతావన్నీ దీనికి తోక. ఆ 300, 30 అంకెలు ఎక్కడ్నుంచి వస్తాయంటే, పడకపోతే మిగిలేది చేతిలో ఉన్న క్యాష్ ప్లస్ మిగతా బ్లాకులకి ఏదో కొంచెం, పడితే ఎంతో తెలియాలంటే ప్రెజెంటేషన్ సరిగ్గా చదవాలి.

ప్రెజెంటేషన్‌లో పెద్ద అక్షరాలతో 500 మిలియన్ బ్యారెల్స్ అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో చూడండి, అది గ్రాస్, అంటే పార్ట్‌నర్లందరిదీ కలిపి, కంపెనీ వాటా 25% అయితే 125 మాత్రమే. అది పీ10 నంబర్ అయితే అంతకంటే ఎక్కువ ఉండే ఛాన్స్ పదిలో ఒకటే, పీ50 (అంతకంటే ఎక్కువ ఉండే ఛాన్స్ సగానికి సగం) ఎంతో వెతకండి. ప్రాస్పెక్టివ్ రిసోర్సెస్ అంటే ఇంకా డ్రిల్ చెయ్యలేదు, ఊహ. కంటింజెంట్ అంటే దొరికింది కానీ తియ్యడం లాభమో కాదో తేలలేదు. రిజర్వ్స్ అంటేనే నిజంగా తీసి అమ్మగలిగేది. ఇంకోటి, భూమిలో ఉన్న ఆయిల్ వేరు, పైకొచ్చే ఆయిల్ వేరు. 2015 ఏప్రిల్‌లో యూకే ఆయిల్ అండ్ గ్యాస్ అనే కంపెనీ గాట్విక్ ఎయిర్‌పోర్ట్ దగ్గర హార్స్ హిల్ బావిలో చదరపు మైలుకి 158 మిలియన్ బ్యారెల్స్ అంది, ఆ ఏరియా మొత్తం కలిపి 100 బిలియన్ ఉండొచ్చన్న మాట పేపర్లకెక్కింది, షేర్ ఒక్కసారిగా ఎగిరింది. అదంతా భూమిలో ఉన్న లెక్క, బయటికి వచ్చేది 3 నుంచి 15% అని వాళ్ళే చెప్పారు, ఆ ముక్క ఎవడు చదివాడు.

క్యాష్ కూడా చూడండి. బావి ఖర్చు పోను ఆరు నెలలకి కూడా సరిపోకపోతే రిజల్ట్‌కి ముందే డిస్కౌంట్‌లో కొత్త షేర్లు ఇష్యూ చేస్తారు. షేర్ బాగా పెరిగిన మర్నాడే ఇది జరుగుతుంటుంది, ఆశ్చర్యపోకండి. పార్ట్‌నర్ ఖర్చు భరిస్తుంటే ఈ భయం తక్కువ.

రిజల్ట్ అనౌన్స్‌మెంట్ చదవడం ఒక విద్య. ఎండిపోయిన బావి గురించి ఏ కంపెనీ కూడా మొదటి లైన్లో ఎండిపోయిందని రాయదు. "డ్రిల్లింగ్ సేఫ్‌గా, బడ్జెట్‌లో పూర్తి" అని మొదలుపెడితే దాదాపు అయిపోయినట్టే. "ఆయిల్ షోస్" అంటే మట్టిలో మరకలు కనపడ్డాయని, అంతకుమించి ఏం కాదు. "పెట్రోలియం సిస్టమ్ ఉందని రుజువైంది" అంటే ఈ బావిలో లేదు, ఇంకో బావికి డబ్బులివ్వండి అని. "ప్లగ్ అండ్ అబాండన్" కనపడితే ఇంక చదవక్కర్లేదు, అయితే మంచి బావుల్ని కూడా టెస్ట్ చేశాక ఒక్కోసారి మూసేస్తారు, అందుకని పైన నెట్ పే (నిజంగా ఆయిల్ తియ్యగలిగే రాతిపొర మందం) ఎన్ని మీటర్లో చూడాలి. లాగ్స్‌లో (బావిలోకి పరికరాలు దించి తీసిన కొలతల్లో) నెట్ పే, నమూనాలో ఆయిల్, టెస్ట్‌లో ఫ్లో రేట్ (రోజుకి ఎంత ఆయిల్ పారుతుందో), మూడూ ఉంటేనే గట్టి న్యూస్.

అనంతపురం వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, పాయింట్ పెట్టినవాడు ఎంత గట్టిగా చెప్పినా బోరులోంచి దుమ్ము లేస్తే దుమ్మే. ఇక్కడ తమాషా ఏంటంటే నీళ్ళు పడితే నష్టం. 2010లో ఫాక్‌లండ్ దీవుల దగ్గర సముద్రంలో ఓషన్ గార్డియన్ అనే ఒకే రిగ్‌ని చిన్న కంపెనీలు పంచుకున్నాయి. మే నెలలో రాక్‌హాపర్ సీ లయన్‌లో ఆయిల్ కొట్టింది, షేర్ ఒక్క రోజులో డబుల్ దాటింది. డిజైర్ పెట్రోలియం డిసెంబర్‌లో రేచెల్ నార్త్ బావిలో ఆయిల్ దొరికిందని చెప్పింది, కొద్ది రోజులకే అది ఆయిల్ కాదు నీళ్ళని తేలింది, షేర్ దాదాపు సగం కూలింది. మొదటి అనౌన్స్‌మెంట్ చూసి ఎగబడి కొన్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. ఇక గెలిచిన సీ లయన్‌లో కూడా ఒక్క బ్యారెల్ అమ్మకుండానే పదిహేనేళ్ళు గడిచిపోయాయి, కాబట్టి ఆయిల్ పడ్డాక కూడా ఆ పొంగులో కొంత అమ్ముకోవాలి, అభివృద్ధి అయ్యేదాకా కూర్చోవడం వేరే ఓపిక.

టైమింగ్ విషయానికొస్తే లండన్ అనౌన్స్‌మెంట్లు అక్కడ పొద్దున 7కి వస్తాయి, మనకి వాళ్ళ వేసవిలో 11:30, చలికాలంలో 12:30, అంటే కరెక్ట్‌గా బెళ్ళందూరు ఆఫీసుల్లో స్టాండప్ అయిపోయి లంచ్‌కి లేచే టైం. ట్రేడింగ్ మొదలయ్యేది ఇంకో గంటకి, ఆ గంటలో ప్రశాంతంగా చదువుకోవచ్చు. ఆస్ట్రేలియాది తెల్లవారుజామున 4:30 లేదా 5:30 గొడవ, రిజల్ట్ ముందు తరచుగా ట్రేడింగ్ హాల్ట్ పెడతారు, హాల్ట్ పడ్డాక అమ్ముదామంటే కుదరదు. స్టాప్‌లాస్ (ధర ఇంతకి పడితే అమ్మేయమనే ఆర్డర్) పెట్టాను కదా అని ధీమాగా ఉండకండి, 100 నుంచి ధర సరాసరి 35లో ఓపెన్ అవుతుంది, మధ్యలో కొనేవాడే ఉండడు. ఎయిమ్‌లో కొనే రేటుకి అమ్మే రేటుకి తేడా కూడా ఎక్కువ, 1.10 పెన్నీకి కొని వెంటనే అమ్మితే 1.00 వస్తుంది, అక్కడే 9% హాంఫట్. అందుకే లిమిట్ ఆర్డర్ (రేటు మనమే చెప్పేది) తప్ప మార్కెట్ ఆర్డర్ (ఎంతుంటే అంతకి) పెట్టొద్దు. అన్నట్టు అక్కడ రేట్లు పౌండ్లలో కాదు పెన్నీల్లో ఉంటాయి, క్వాంటిటీ కొట్టేముందు ఒకసారి చూసుకోండి.

చివర్లో ట్యాక్స్. 24 నెలల్లోపు అమ్మితే లాభం మీద మీ స్లాబ్ రేటే, ఐటీలో పెద్ద జీతాలు ఉన్నవాళ్ళకి అది 30% దాకా పోతుంది. నష్టమొస్తే టైంలోపు రిటర్న్ వేసుకుంటే 8 ఏళ్ళు క్యారీ ఫార్వర్డ్ చేసుకోవచ్చు. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ మాత్రం క్యాలెండర్ ఇయర్ ప్రకారం నింపాలి, ఐటీఆర్-1 కుదరదు, షేర్ రేటు అర పెన్నీకి పడిపోయి చూడాలంటేనే చిరాకేసినా సరే దాన్ని అందులో చూపించాల్సిందే.