వేసవి సెలవుల్లో అక్వేరియం పెడుతున్నారా? చేపలు కొనే ముందు ఈ జాగ్రత్తలు

ఏప్రిల్ నెలాఖరులో స్కూళ్ళకు సెలవులిస్తారు. ఇంకో వారం తిరగకుండానే మన హైదరాబాద్ ఇళ్ళలో అక్వేరియం మాట మొదలవుతుంది. పిల్లలు అడుగుతారు. మనం ఒక ఆదివారం సాయంత్రం షాపుకు వెళ్ళి ట్యాంకు, రంగురాళ్ళు, మోటారు, ఓ పది చేపలు అన్నీ ఒకేసారి తెచ్చేస్తాం. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. అది మే రెండో వారం. "ఇవాళే వేసుకోండి సార్, ఏం కాదు" అన్నారు షాపులో. నాలుగో రోజు పొద్దున్నే మా పాప లేచి చూసేసరికి మూడు గోల్డ్ ఫిష్‌లు పైకి తేలి ఉన్నాయి. మరో వారానికి ఒక్కటీ మిగల్లేదు. పాప చాలా రోజులు ఆ మూలకే వెళ్ళలేదు. ఆ చేపలకు ఏ జబ్బూ లేదు. మేం తొందరపడ్డాం, అంతే. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ట్యాంకు మే మొదట్లోనే పెట్టుకోండి, చేపలు మాత్రం మృగశిర కార్తె వచ్చాక తెచ్చుకోండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

చేప తినేదీ, విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. దాని మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. కొత్త ట్యాంకులో ఆ విషాన్ని విరిచేది ఏదీ ఉండదు. నీళ్ళు అద్దంలా మెరుస్తూనే ఉంటాయి, లోపల చేప మొప్పలు మాత్రం కాలిపోతుంటాయి. కొన్ని వారాలు గడిస్తే ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది. అందులో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీనివల్ల చేపకు హాని చాలా తక్కువ, వారం వారం కొంత నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాలూ కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అందుకని చేపలు లేకుండానే ట్యాంకును నడపాలి. నీళ్ళు నింపి, ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. పాలు తోడుపెట్టినట్టే ఇక్కడా తోడు వేయవచ్చు. తెలిసినవాళ్ళ ఇంట్లో ఎప్పటినుంచో బాగా నడుస్తున్న ట్యాంకు ఉంటే, దాని ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి అడిగి, అదే ట్యాంకు నీళ్ళలో తడిగా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. ఎదురుచూసే రోజులు బాగా తగ్గుతాయి. అయితే వాళ్ళ చేపలకు జబ్బేమీ లేదని కనుక్కున్నాకే తీసుకోండి. నీళ్ళు సిద్ధమయ్యాయో లేదో కంటికి కనిపించదు. చుక్కల టెస్ట్ కిట్ కొనండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కొంత చూపిస్తే చేపలు తెచ్చుకోవచ్చు. అలంకరణ బొమ్మలకు పెట్టే డబ్బు ఆ కిట్ మీద పెట్టండి. చుక్కలు వేసి రంగు చూసే పని పిల్లలకు అప్పగిస్తే, వాళ్ళకు చేపలు లేని లోటు తెలియదు. మా పాప రెండోసారి ట్యాంకు పెట్టినప్పుడు ఆ రంగులన్నీ క్యాలెండర్ మీద రాసుకుంది.

ఇక ఎండల సంగతి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే, 32 డిగ్రీలకు అది 7 దగ్గరికి వస్తుంది. చేపకేమో వేడిలో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. పైగా వేడి నీటిలో, క్షారగుణం ఎక్కువ ఉన్న నీటిలో అమ్మోనియా మరింత విషంగా మారుతుంది. ఆ క్షారగుణాన్ని కొలిచే పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషపు వాటా దాదాపు పది రెట్లవుతుంది. రోహిణి కార్తె ఎండలు, సిద్ధం కాని నీళ్ళు, కొత్త చేపలు, ఈ మూడూ ఒక్కచోట చేరకూడదు.

నీళ్ళు ఎక్కడివో కూడా తెలుసుకోవాలి. మంజీరా, కృష్ణా, గోదావరి, ఏ నీళ్ళయినా జలమండలి కుళాయిలోకి క్లోరిన్ కలిసే వస్తాయి. క్లోరిన్ చేపల మొప్పల్ని, మంచి బ్యాక్టీరియాను రెంటినీ చంపుతుంది. బకెట్లలో మూత లేకుండా 24 గంటలు ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేయండి. అపార్టుమెంట్ల సంపులో కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు కలిసిపోతాయి కాబట్టి క్లోరిన్ ఉందనే అనుకోవడం మంచిది. బోరు నీళ్ళను కూడా ఒక రోజు నిలవ ఉంచాకే పోయండి. మీ గీజర్ మీద, కుళాయిల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోందా? అయితే మీవి గట్టి నీళ్ళు. అందులో గప్పీలు, మోలీలు, ప్లాటీలు హాయిగా బతుకుతాయి. వాటర్ ఫిల్టర్ నుంచి వచ్చే ఆర్వో నీళ్ళు మంచివని అవే నింపేస్తారు కొందరు. చేపకు కావలసిన ఖనిజాలు అందులో ఉండవు, ఒట్టి ఆర్వో నీళ్ళు వద్దు.

ట్యాంకు ఎంత చిన్నదైతే అంత సులువు అనుకుంటాం, నిజానికి అంత కష్టం. గాజు బౌల్‌లో నీళ్ళు మధ్యాహ్నానికే వేడెక్కుతాయి, విషం కూడా త్వరగా పేరుకుంటుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకుతో మొదలుపెట్టండి. అందులో సుమారు 55 లీటర్లు పడతాయి. గాజు, రాళ్ళు కలుపుకుంటే బరువు 70 కిలోలు దాటుతుంది, కాబట్టి చెప్పుల స్టాండు మీదా, టీవీ బల్ల మీదా పెట్టకండి. గట్టి స్టాండు మీద, కింద థర్మోకోల్ షీటు పరిచి పెట్టండి. లోపలికి తేకముందు బాల్కనీలోనో బాత్రూంలోనో నీళ్ళు నింపి ఒక రోజంతా కారుతుందేమో చూడండి. పడమటి ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే నీళ్ళు కాగుతాయి, పాచి పడుతుంది.

కరెంటు దగ్గర నిర్లక్ష్యం అసలు వద్దు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళేలా ఉండాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క కింద పడుతుందే తప్ప ప్లగ్గులోకి పోదు. చేయి పెట్టే ముందు అన్నీ ఆఫ్ చేయండి, ఇది పిల్లలకు మొదటి రోజే నేర్పండి. ఎయిర్ పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపులోంచి వెనక్కి పంపులోకి వచ్చేస్తాయి. మే నెల గాలివానలకు గంటల తరబడి కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటుంది. అది దోమల మందు. గోడకు పెట్టే లిక్విడ్లు, కాయిల్స్, బొద్దింకల స్ప్రేలలో సాధారణంగా వాడే పైరెథ్రాయిడ్లు చేపలకు చాలా విషం. ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్ళలోకి పంపుతుంది. ట్యాంకు ఉన్న గదిలో ఇవి వాడకండి. ఇంట్లో పెస్ట్ కంట్రోల్ చేయించే రోజు, వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు, ట్యాంకును తడిబట్టతో కప్పి, కిటికీలు మూసి, ఎయిర్ పంపు కాసేపు ఆపండి. గాలి శుభ్రపడగానే మళ్ళీ ఆన్ చేయండి.

చేపల ఎంపికలో ఆశ తగ్గించుకోవాలి. 55 లీటర్లకు మొదట ఐదారు మగ గప్పీలు చాలు. ఆడవి కూడా తెస్తే దాదాపు నెలకోసారి పిల్లలు పెడతాయి, ట్యాంకు ఇరుకైపోతుంది. లేదా ఫైటర్ చేప ఒక్కటి, అదీ ఒంటరిగా. రెండు మగ ఫైటర్లను కలిపితే చచ్చేదాకా కొట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్ అరచేతి కంటే పొడవు పెరుగుతుంది, మలినం ఎక్కువ చేస్తుంది, చిన్న ట్యాంకుకు పనికిరాదు. "అద్దాలు శుభ్రం చేస్తుంది" అని అమ్మే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు ఏం చేయాలో తెలియక చెరువులో వదిలేస్తారు. అది దక్షిణ అమెరికా చేప, మన చెరువుల్లో స్థిరపడితే ఇక్కడి చేపల్ని దెబ్బతీస్తుంది. దయచేసి ఏ అక్వేరియం చేపనూ చెరువులో వదలకండి.

చేపల్ని ఎండ తగ్గాక, సాయంత్రం తెచ్చుకోండి. కవర్‌ను విప్పకుండా పదిహేను నిమిషాలు ట్యాంకులో తేలనివ్వండి. తర్వాత విప్పి, ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెంగా అరగంట పాటు కలపండి. చేపను వలతో తీసి వదలండి, షాపు నీళ్ళు ట్యాంకులో పోయకండి. ఆ రాత్రి లైటు, మేత రెండూ వద్దు.

మొదటి నెలలో ఎక్కువ చేపల్ని చంపేది మన ప్రేమే. రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేంత వేస్తే చాలు. వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే ఇన్ని వారాల బ్యాక్టీరియా పోతుంది, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. మధ్యలో నీళ్ళు పాలలా మారితే కంగారుపడి మొత్తం పారబోయకండి, కొత్త ట్యాంకులో అది మామూలే, కొద్ది రోజుల్లో తేటపడుతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మాత్రం ఆగకండి. మూడో వంతు నీళ్ళు వెంటనే మార్చి, గాలి పెంచి, ఆ రోజు మేత మానేయండి. నీళ్ళు బాగా వేడెక్కితే ట్యాంకు పైన ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే వేడి ఒక్కసారిగా పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం.

ఊరెళ్ళేటప్పుడు నాలుగైదు రోజులైతే మేత వేయకపోయినా పెద్ద చేపలకు ఏమీ కాదు. వారం దాటితే పక్కింటి ఆంటీకి చెప్పండి. మేతను రోజుకొక చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, మీద తేదీలు రాసి ఆమెకు ఇవ్వండి. డబ్బా మాత్రం బీరువాలో పెట్టేసి వెళ్ళండి.