పీపాకి పెట్టే నల్ల ఏల్: కావలి నుంచి ఫోనులో నేర్పిన పని

మా అన్న కొడుకు ఇంగ్లాండులోని లీడ్స్‌లో ఉంటాడు. నేనూ పదకొండేళ్ళు అక్కడే ఉండి, అమ్మకి ఒంట్లో బాగుండక కావలి వచ్చేశాను. వచ్చేటప్పుడు 40 లీటర్ల స్టీలు డేగిసా, 30 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, 15 లీటర్ల ఓక్ పీపా వాడికి వదిలిపెట్టాను. రెండేళ్ళు వాటి మీద బట్టలు ఆరేసుకున్నాడు. మొన్న దసరా ముందు ఉన్నట్టుండి ఫోన్ చేసి, "చిన్నాయనా, ఆ నల్ల బీరు నాకూ నేర్పించు" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో స్పీకర్ పెట్టి పాఠం. అక్కడ వాడి వంటిల్లు, ఇక్కడ అమ్మ మందుల టైము.

మొదటి ఆదివారమే అమ్మ అడిగింది, "ఏందిరా, వాడికి సారా కాయడం చెప్తున్నావా?" అని. కాదు. సారా అంటే కాచి ఆవిరి పట్టేది. ఇది పులియబెట్టేది మాత్రమే. ఇంగ్లాండులో సొంతానికి బీరు చేసుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అందుకే పీపా అక్కడుంది, నేను ఇక్కడున్నాను. చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ళకే ఇది పనికొస్తుంది.

చేయబోయేది ఇంపీరియల్ స్టౌట్ అనే ఏల్ (కాస్త వెచ్చదనంలో పులిసే బీరు రకం). పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ వాళ్ళు రష్యా రాజదర్బారుకి ఓడల్లో పంపిన గట్టి నల్ల బీరుకి వారసురాలు. మామూలు బీరులో ఆల్కహాలు 5 శాతం ఉంటే ఇందులో 9, 10 ఉంటుంది. ఆ గట్టిదనం ఉంటేనే పీపాలో నెలల తరబడి నిలుస్తుంది. పల్చటి బీరుని పీపాలో పోస్తే చెక్క నమిలినట్టు ఉంటుంది.

20 లీటర్లకి నా లెక్క ఇది. మారిస్ ఆటర్ అనే ఇంగ్లీషు బార్లీ రకం మాల్ట్ 8 కిలోలు, ఓట్స్ అటుకులు 1 కిలో, క్రిస్టల్ మాల్ట్ అర కిలో, చాక్లెట్ మాల్ట్ అర కిలో, నల్లగా వేయించిన బార్లీ 600 గ్రాములు. మాల్ట్ అంటే పెద్ద విషయమేం కాదు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మన రాగి మాల్ట్ ఎలాగో ఇదీ అలాగే. చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఉండదు, చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించారని ఆ పేరు. ఇవి కాక అర కిలో తాటిబెల్లం. పుస్తకాల్లో నల్ల చక్కెర అని ఉంటుంది కానీ, నేను సెలవులకి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో తాటిబెల్లం పెట్టుకుపోయేవాణ్ణి. బెల్లం మొత్తం పులిసిపోయి ఆల్కహాలు అవుతుంది, వెనక కాస్త పొగవాసన మిగులుతుంది. అర కిలో దాటితే మాత్రం బీరు చిక్కదనం పోతుంది.

నీళ్ళ దగ్గర ఒక మాట. మా బోరు నీళ్ళు కాస్తే గిన్నెకి తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, లండన్ నీళ్ళూ అంతే. వేయించిన గింజల్లో పులుపు ఉంటుంది, ఆ పెచ్చు కట్టే నీళ్ళు దాన్ని తట్టుకుంటాయి. నల్ల బీర్లు లండన్‌లో బాగా కుదరడానికి అదొక కారణం. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో అయితే అర చెంచా వంటసోడా వేయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందు సగం క్యాంప్డెన్ మాత్ర నలిపి కలపాలి. ఇది మరిచిపోతే బీరు ఆసుపత్రి వాసన కొడుతుంది.

28 లీటర్ల నీళ్ళు 75 డిగ్రీలకి కాచి, పెద్ద గుడ్డ సంచిలో గింజలు పోసి ముంచితే వేడి 67 దగ్గర నిలుస్తుంది. నల్లగా వేయించినవి రెండూ (చాక్లెట్ మాల్ట్, బార్లీ) మాత్రం ముందు పక్కన పెట్టండి. గంట తర్వాత, ఆఖరి పావుగంటకి వేస్తే చాలు, రంగు అంతే వస్తుంది, కషాయం చేదు రాదు. డేగిసాకి దుప్పటి చుట్టాలి. మావాడు కొత్త బ్లాంకెట్ చుట్టాడు, దాని సంగతి వదిలేద్దాం. తర్వాత సంచి ఎత్తి వేలాడదీసి, పైనుంచి 10 లీటర్ల వేడినీళ్ళు నెమ్మదిగా పోస్తూ గింజల్లో మిగిలిన తీపంతా దించాలి. పిప్పిని పారబోయాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఒప్పదు. ఇక్కడైతే గేదెలు ఒక్క గింజ మిగల్చవు.

దిగిన ఆ తీపినీటిని వోర్ట్ అంటారు. దాన్ని రెండు గంటలు మరిగించాలి. మరిగీ మరిగీ 20 లీటర్లకి దిగాలి. మొదటి పదినిమిషాలు పాలు పొంగినట్టు పొంగుతుంది, పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు. ఇంకో గంటలో దించుతామనగా మాగ్నమ్ రకం హాప్స్ (బీరుకి చేదునిచ్చే ఎండు పూలు) 70 గ్రాములు, ఆఖర్న బెల్లం. సువాసన కోసం వేసే ఆఖరి హాప్స్ దీనికి దండగ, పీపాలో ఆ వాసన నిలవదు. 18 డిగ్రీలకి చల్లార్చి హైడ్రోమీటర్ (తీపి ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం, ఉత్త నీళ్ళలో 1.000 చూపిస్తుంది) ముంచితే 1.100 దగ్గర చూపించాలి. 1.090 చూపించినా కంగారు పడొద్దు. ఇంకాస్త మరిగించండి.

ఇక అసలు పని ఈస్ట్‌ది. ఇంత తీపిలో ఈస్ట్‌ని వేయడమంటే ఉగ్గుపాలు తాగే పిల్లాడికి పెళ్ళి భోజనం పెట్టినట్టే. మామూలు బీరుకి ఒక పొట్లం వేస్తే దీనికి మూడు పొట్లాలు వేయాలి. అమెరికన్ ఏల్ రకం పొడి ఈస్ట్ చాలు, దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి వేయండి. వేసేముందు బకెట్టు మూత పెట్టి ఐదు నిమిషాలు బాగా కుదపాలి. ఈ ఒక్కసారే బీరుకి గాలి కావాలి. ఇక్కడినుంచి ఆఖరిదాకా గాలి శత్రువు.

మొదటి నాలుగు రోజులు 18, 19 డిగ్రీలు దాటనివ్వొద్దు. పులుస్తుంటే అది తనంతట తానే వేడెక్కుతుంది. వేడెక్కితే ఆ ఆల్కహాలు గొంతులో మండుతుంది, ఏ పీపా దాన్ని తియ్యలేదు. టబ్బులో చల్లటి నీళ్ళు పోసి బకెట్టు అందులో పెట్టండి. మూతకి మామూలు ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసుని బయటికి పోనిచ్చి, బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం) కాకుండా వేలు లావు గొట్టం పెట్టి, రెండో కొస నీళ్ళ సీసాలో ముంచండి. నా మొదటిసారి ఎయిర్‌లాక్ నురుగుతో మూసుకుపోయి, అర్ధరాత్రి మూత ఎగిరి పైకప్పుకి కొట్టుకుంది. అద్దె ఇంటి తెల్ల కప్పు మీద నల్ల మరక. ఖాళీ చేసేరోజు నేనే నిచ్చెనెక్కి సున్నం కొట్టాను. ఐదోరోజు నుంచి 21 దాకా పోనివ్వండి. మూడు నాలుగు వారాలకి 1.027 దగ్గర ఆగుతుంది. మూడు రోజులు వరసగా అదే అంకె చూపించాకే పీపా మాట ఎత్తాలి.

అమెరికాలో బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే పెట్టాలని చట్టం. ఒకసారి వాడింది వాళ్ళకి మళ్ళీ పనికిరాదు. అందుకే ఆ 200 లీటర్ల పీపాలు ప్రపంచమంతా తిరుగుతాయి. ఇంట్లోకి 15, 20 లీటర్లవి దొరుకుతాయి, విస్కీ పెట్టి ఖాళీ చేసినవైతే మంచిది. పీపా చిన్నదయ్యేకొద్దీ లీటరు బీరుకి తగిలే చెక్క ఎక్కువ. పెద్ద పీపాలో ఏడాది పట్టేది ఇందులో ఐదు నుంచి ఎనిమిది వారాల్లో అయిపోతుంది.

పీపా లోపల ఇంకా విస్కీ తడి ఉంటే కడగొద్దు, అలాగే పోసేయండి. ఎండిపోయి ఉంటే (మావాడిది బట్టల కింద రెండేళ్ళు ఎండింది) వేడినీళ్ళు నింపి ఒకటి రెండు రోజులు ఉంచాలి. మొదట జల్లెడలా కారుతుంది. పలకలు నాని ఉబ్బాక ఆగుతుంది. అయినా ఒకచోట చెమ్మ పడుతుంటే మైనం రుద్దండి. నీళ్ళు ఒంపేశాక ఒక గ్లాసు విస్కీ పోసి అటూ ఇటూ దొర్లించి వాసన చూడాలి. పులుపు, బూజు వాసన ఏమాత్రం తగిలినా ఆ పీపాలో పూలమొక్క పెట్టుకోండి.

మడ్డి కదలకుండా గొట్టంతో, అడుగునుంచి నిండేలా, చప్పుడు లేకుండా దించాలి. నోటిదాకా నింపాలి. 20 లీటర్లలో మడ్డి పోను పదిహేడున్నర వస్తుంది, 15 పీపాలోకి పోతుంది. మిగిలిన రెండున్నర లీటర్లు పారేయొద్దు, తాగేయనూ వద్దు. చిన్న సీసాల్లో నిండా పోసి ఫ్రిజ్‌లో దాచండి. చెక్కలోంచి ఆవిరై పీపా రోజురోజుకీ తగ్గుతుంది. విస్కీ వాళ్ళు దాన్ని దేవతల వాటా అంటారు. దేవతలు తాగినంత మేర లోపలికి గాలి వస్తుంది. రెండు వారాలకోసారి ఒక చిన్న సీసా విప్పి ఆ ఖాళీ పూడ్చాలి.

నా మొదటి పీపా నేనే చెడగొట్టుకున్నాను. వారం వారం బిరడా తీయడం, గొట్టం పెట్టి గ్లాసుడు లాగడం, రుచి చూడటం, స్నేహితులకి చూపించడం. మూడో నెలకి పైన తెల్లటి పొర, కింద పదిహేను లీటర్ల వెనిగర్. వాళ్ళు ఫిష్ అండ్ చిప్స్ మీద చల్లుకునే మాల్ట్ వెనిగర్ పుట్టేదీ పులిసిన ఏల్‌ నుంచే కదా, ఏడాదిపాటు అదే వాడాను.

ఈ కథ ఫోనులో చెప్తుంటే అమ్మ నవ్వింది. "పెద్ద జాడీలో రోజూ గంటె పెడతార్రా ఎవరైనా?" అంది. అమ్మ ఆవకాయ పెద్ద జాడీ నెలకోసారే విప్పుతుంది. ఆ నెలకి సరిపడా చిన్న జాడీలోకి తీసి, నూనె పైకి తేలిందో లేదో చూసి, మళ్ళీ వాసెన కట్టేస్తుంది. మావాడికి నేను గంటసేపు చెప్పినా ఎక్కని విషయం నానమ్మ మాటతో ఎక్కింది. పీపాకీ ఒక ఉపాయం ఉంది. పీపా ఒక కొసనున్న గుండ్రటి పలకకి మధ్య ఎత్తులో సన్నటి రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీలు మేకు బిగించండి. మేకు లాగితే సన్నటి ధార వస్తుంది, బిరడా తీయకుండానే గుక్కెడు పట్టుకుని మళ్ళీ కొట్టేయొచ్చు. మూడో వారంలో ఒకసారి, ఆ తర్వాత వారానికోసారి చాలు. వెనిలా, కొబ్బరి వాసన మొదలై, విస్కీ ముక్కుకి తగులుతూనే నల్ల మాల్ట్ రుచి ఇంకా పైన ఉన్నప్పుడు దించేయాలి. చెక్క రుచి ముందుకొచ్చిందంటే ఆలస్యమైనట్టే. పీపా ఉండే గది 12 నుంచి 16 డిగ్రీల్లో నిలకడగా ఉండాలి. మా కావలి మే నెలలో అయితే దేవతలు పీపా మొత్తం తాగేసి పోతారు.

పీపా కొనలేనివాళ్ళు 50 గ్రాముల ఓక్ ముక్కలు రెండు వారాలు బర్బన్‌లో నానబెట్టి, పులిసిన బీరులో వేసి ఆరు వారాలు ఉంచండి. ముప్పావు రుచి వస్తుంది, టెన్షన్ పావు కూడా ఉండదు. మొదటిసారికి నేనైతే ఇదే చేయమంటాను. మావాడు వినలేదు.

సీసాల్లోకి దించేటప్పుడు పాత ఈస్ట్ అలిసిపోయి ఉంటుంది. 2 గ్రాముల షాంపేన్ ఈస్ట్, లీటరుకి 5 గ్రాముల లెక్కన చక్కెర మరిగించి చల్లార్చిన పాకం కలపండి. అంతకు మించితే సీసాలు పేలొచ్చు. 330 మిల్లీలీటర్ల మందపాటి సీసాలు తీసుకోండి. దీన్ని ఒక్క కూర్చోవడంలో 650 సీసాడు తాగేవాడు మర్నాడు ఆఫీసుకి పోలేడు. మూడు వారాలు 20 డిగ్రీల గదిలో, ఆపైన రెండు నెలలు చల్లటి చీకట్లో పెట్టాలి. సీసాల మీద తేదీ రాయండి. రాయకపోతే ఏది పాతదో వాసన చూసి చెప్పాల్సి వస్తుంది.

పీపా ఖాళీ అయిన రోజే మళ్ళీ నింపాలి, ఒక్క రాత్రి కూడా ఎండబెట్టొద్దు. రెండోసారి విస్కీ తగ్గి చెక్క నెమ్మదిగా దిగుతుంది కాబట్టి మూడు నెలలు ఇవ్వండి. అందుకే మావాడు ఈ ఆదివారం రెండో విడత పులియబెట్టడం మొదలుపెట్టాడు. మొదటిది దించేసరికి ఇది పీపాకి సిద్ధంగా ఉండాలి. తాటిబెల్లం అయిపోయిందట, అమ్మ అర కిలో పొట్లం కట్టి పెట్టింది. సంక్రాంతికి వచ్చి తీసుకుపోతాడు.