వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు ఎక్కడం లేదా? తప్పు ఏ వైపు ఉందో ముందు చూడండి

కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ మొదలైనా, అమీర్‌పేటలో డెవ్‌ఆప్స్ కోర్సులో చేరినా మొదటి వారంలో పడే పని ఒకటే. విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్) వేసుకుని, దాని లోపల ఉబుంటు అనే లైనక్స్ ఎక్కించాలి. సాఫీగా జరిగితే గంటలోపు పని. ఎక్కడైనా ఆగిందంటే మాత్రం చాలామంది వెంటనే ఆ మెషీన్‌ని డిలీట్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. కారణం అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ అక్కడే ఆగుతుంది.

ఇందులో మూడు చోట్ల తప్పు దొరకొచ్చు: బయట ఉన్న విండోస్, మధ్యలో వర్చువల్‌బాక్స్ సెట్టింగులు, లోపల లైనక్స్. బయటి కంప్యూటర్‌ని హోస్ట్ అనీ, లోపలిదాన్ని గెస్ట్ అనీ అంటారు. లైనక్స్ మీదకు నెట్టేసే తప్పుల్లో చాలావరకు నిజానికి హోస్ట్‌వి, లేదా సెట్టింగులవి. అందుకే కింద ఉన్నవాటిని బయట నుంచి లోపలికి వరసగా పెట్టాను. మీది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చదువుకోవచ్చు.

కమాండ్లు, మెనూ పేర్లు తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. యూజర్‌మాడ్ కమాండ్‌లోని ‘-ఏజీ’లో మాత్రం జీ పెద్ద అక్షరం (-aG).

స్టార్ట్ నొక్కగానే ఎర్రర్ బాక్స్ వస్తోంది

ఆ బాక్సులో ఈ-ఫెయిల్ అనీ, 0ఎక్స్80004005 అనీ ఒక నంబరు ఉంటుంది. అందరూ దాన్నే గూగుల్‌లో వెతుకుతారు. ‘ఏదో ఫెయిలైంది’ అనడం తప్ప ఆ నంబరు చెప్పేది ఏమీ లేదు. దాని పైన ఉన్న వాక్యం చదవండి. ‘వీటీ-ఎక్స్ ఈజ్ డిసేబుల్డ్ ఇన్ ద బయోస్’ అని గానీ, ఏఎండీ ప్రాసెసర్ అయితే ‘ఏఎండీ-వీ ఈజ్ డిసేబుల్డ్ ఇన్ ద బయోస్’ అని గానీ ఉంటే కారణం తేలిపోయినట్టే. ప్రాసెసర్‌కి వర్చువల్ మెషీన్లు నడిపే శక్తి ఉంది, కానీ బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల్లో, దాన్ని ఆఫ్ చేసి పెట్టారు. మెయిన్ ఆఫ్‌లో ఉంటే ఇంట్లో ఎన్ని స్విచ్‌లు వేసినా బల్బు వెలగదు కదా, ఇదీ అంతే. కొత్త మెషీన్ చేసేటప్పుడు వెర్షన్ జాబితాలో 64-బిట్ కనిపించకుండా 32-బిట్ మాత్రమే కనిపిస్తున్నా ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఖాయం చేసుకోవడానికి విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద ‘వర్చువలైజేషన్’ పక్కన డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లాల్సిందే. ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌కి ఏ కీ నొక్కాలో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్‌కి వెళ్లి రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వచ్చాక ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ ఎంచుకుంటే నేరుగా బయోస్‌లోకి తీసుకెళ్తుంది. అక్కడ ఇంటెల్ అయితే ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’, ఏఎండీ అయితే ‘ఎస్‌వీఎం మోడ్’ ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి.

ఇది చేసే ముందు ఒక జాగ్రత్త. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే, బయోస్ మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి, ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకున్నాకే బయోస్ జోలికి వెళ్లండి. లైనక్స్ నేర్చుకోబోయి విండోస్‌నే తాళం వేసుకోవడం కంటే టెన్షన్ ఇంకోటి లేదు.

మెషీన్ లేచింది కానీ నత్తనడక, కింద తాబేలు బొమ్మ

వర్చువల్ మెషీన్ విండో కింది పట్టీలో కుడి వైపు చిన్న ఐకాన్లు ఉంటాయి. వాటిలో ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే, మౌస్ ఆలస్యంగా కదలడానికీ, ఇన్‌స్టాలేషన్ గంటల కొద్దీ సాగడానికీ అదే కారణం. ఆ బొమ్మ పెట్టినవాళ్లకి హాస్యం బాగానే ఉంది.

విండోస్‌కి సొంతంగా హైపర్-వీ అనే హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లు నడిపే ప్రోగ్రామ్, ఉంది. అది ముందే లేచి ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ని తన చేతిలో పెట్టుకుంటే, వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడవాలి. నడుస్తుంది, కానీ బాగా నెమ్మదిగా. ఒక్కోసారి అసలు లేవదు, లేదా మధ్యలో పడిపోతుంది. మెషీన్ మెనూలో షో లాగ్ తెరిచి ‘ఎన్ఈఎం’ అనే మాట కోసం వెతకండి. ‘అటెంప్టింగ్ ఫాల్ బ్యాక్ టు ఎన్ఈఎం’ అన్న వాక్యం ఉంటే అనుమానమే అక్కర్లేదు.

‘నేను హైపర్-వీ ఎప్పుడూ ఆన్ చేయలేదు’ అంటారు చాలామంది. చేయక్కర్లేదు. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లైనక్స్ నడిపే సదుపాయం) వేసుకున్నా, డాకర్ డెస్క్‌టాప్ వేసుకున్నా, విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉన్నా అది వెనకాల లేచే ఉంటుంది. విండోస్ 11తో వచ్చే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మెమరీ ఇంటిగ్రిటీ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది.

తీసేయాలంటే ముందు ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ మూడింటికీ టిక్ తీసేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్‌కి వెళ్లి మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేయండి. రీస్టార్ట్ అయ్యాకా తాబేలు అలాగే ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి:

బీసీడీఎడిట్ /సెట్ హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్ ఆఫ్

మళ్లీ రీస్టార్ట్. దీనికి మీరిచ్చే మూల్యం కూడా తెలుసుకోండి. డబ్ల్యూఎస్ఎల్ 2, డాకర్ పనిచేయడం మానేస్తాయి, విండోస్ భద్రతలో ఒక పొర తగ్గుతుంది. పాత స్థితికి రావాలంటే అదే కమాండ్‌లో ఆఫ్ బదులు ఆటో అని కొట్టి, తీసేసినవన్నీ మళ్లీ ఆన్ చేయాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ సెట్టింగులు కంపెనీ చేతిలో ఉంటాయి, ఐటీ వాళ్లని అడక్కుండా ముట్టుకోకండి. నిజానికి కమాండ్లు నేర్చుకోవడమే మీ అవసరమైతే అక్కడ వర్చువల్‌బాక్స్‌తో కుస్తీ పట్టే బదులు డబ్ల్యూఎస్ఎల్ 2తో సరిపెట్టుకోవడం మేలు.

‘నో బూటబుల్ మీడియం ఫౌండ్’

ఐఎస్ఓ ఫైలు, అంటే ఉబుంటు ఇన్‌స్టాలేషన్ సీడీకి బదులు వాడే ఫైలు, తగిలించలేదు, అంతే. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి, ఖాళీగా ఉన్న సీడీ బొమ్మ మీద నొక్కి, కుడివైపు ఉన్న చిన్న సీడీ గుర్తు నుంచి డౌన్‌లోడ్ చేసిన ఉబుంటు ఐఎస్ఓని ఎంచుకోండి.

ఐఎస్ఓ పెట్టినా లేవడం లేదు, మీది ఎం-సిరీస్ చిప్ ఉన్న మ్యాక్ అయితే సంగతి వేరు. అది ఆర్మ్ ప్రాసెసర్. వర్చువల్‌బాక్స్ 7.1 నుంచి ఆ మ్యాక్‌ల మీద నడుస్తుంది గానీ, లోపల కూడా ఆర్మ్ కోసం చేసిన లైనక్సే పెట్టాలి. ఫైలు పేరులో ఏఎండీ64 అని ఉంటే అది పనికిరాదు, ఆర్మ్64 అని ఉన్నది కావాలి.

నల్ల తెర, లేదా ‘నెక్స్ట్’ బటన్ కనిపించడం లేదు

రెండూ డిస్‌ప్లే సెట్టింగులవే. మెషీన్ ఆఫ్ చేసి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరవండి. వీడియో మెమరీని 128 ఎంబీకి పెంచండి. గ్రాఫిక్స్ కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ అయి ఉండాలి. వీబాక్స్‌ఎస్‌వీజీఏ విండోస్ గెస్ట్‌ల కోసం. త్రీడీ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి చూడండి. అయినా నల్లగానే ఉంటే మొదట వచ్చే మెనూలో ‘ఉబుంటు, సేఫ్ గ్రాఫిక్స్’ ఎంచుకోండి.

ఇన్‌స్టాలర్ విండో తెర దాటి కిందికి వెళ్లిపోయి బటన్లు కనిపించకపోతే, సూపర్ కీ, అంటే విండోస్ గుర్తున్న కీ, పట్టుకుని విండో మధ్యలో మౌస్‌తో నొక్కి పైకి లాగండి. ఇక మౌస్ గెస్ట్‌లో ఇరుక్కుపోయి బయటికి రాకపోతే కుడి వైపు కంట్రోల్ కీ నొక్కాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ కీ స్థానంలో కోపైలట్ కీ వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్‌కి వెళ్లి హోస్ట్ కీని వేరేదానికి మార్చుకోండి.

ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతోంది

ముందు ఒక భయం తీర్చాలి. ‘ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఉబుంటు’ అని చూడగానే చాలామంది చెయ్యి ఆగిపోతుంది, విండోస్‌లో ఉన్నవన్నీ పోతాయేమోనని. పోవు. లోపలి ఇన్‌స్టాలర్‌కి మీరిచ్చిన వర్చువల్ డిస్క్ ఫైలు తప్ప ఇంకేమీ కనిపించదు. డిస్క్ పేరు ‘వీబాక్స్ హార్డ్‌డిస్క్’ అనీ, సైజు మీరిచ్చిందే అనీ చూసుకుని ధైర్యంగా నొక్కండి.

ఇక ఆగడానికి కారణాలు. మెషీన్ ఉన్నట్టుండి పాజ్ అయి, హోస్ట్ డిస్క్ నిండిందని మెసేజ్ వస్తే అది సీ డ్రైవ్ సమస్య. వర్చువల్ డిస్క్‌కి 25 జీబీ ఇచ్చినా అది మొదట్లో చిన్న ఫైలు, లోపల నిండేకొద్దీ బయట పెరుగుతుంది. సీ డ్రైవ్‌లో 10 జీబీ ఉంటే అక్కడికి ఆగుతుంది. కంగారుపడి మెషీన్ మూసేయకండి. విండోస్‌లో డౌన్‌లోడ్లు, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి పాజ్ తీసేస్తే ఆగినచోటు నుంచే సాగుతుంది.

ఇన్‌స్టాలర్ దానంతట అదే మూతపడుతుంటే ర్యామ్ చూడండి. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కి 4 జీబీ ర్యామ్, రెండు కోర్ల ప్రాసెసర్, 25 జీబీ డిస్క్ అవసరమని వాళ్లే చెప్పారు. 2 జీబీ ఇచ్చి ఎలాగోలా నడుస్తుందిలే అనుకోవద్దు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో సగం ఇచ్చి, విండోస్ వైపు క్రోమ్ మూసేయండి. ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 4 జీబీ అయితే ఉబుంటు డెస్క్‌టాప్ మీద ఆశ వదులుకుని లుబుంటు లాంటి తేలికైనది తీసుకోండి.

ప్రతిసారీ ఒకే చోట ఐ/ఓ ఎర్రర్ అనో, స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్ అనో వస్తే డౌన్‌లోడ్ చెడిపోయింది. 6 జీబీ దాకా ఉండే ఫైలుని ఫోన్ హాట్‌స్పాట్ మీద దింపితే ఇలా జరగడం వింతేం కాదు. పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి, ఫైలు పేరిస్తే పొడవాటి సంఖ్య వస్తుంది. ఉబుంటు సైట్‌లో ఆ వెర్షన్‌కి ఇచ్చిన షా256 సంఖ్యతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దింపుకోవాల్సిందే.

ఇన్‌స్టాల్ అయింది, కానీ మళ్లీ ఇన్‌స్టాలరే వస్తోంది

సీడీ డ్రైవ్‌లో ఐఎస్ఓ ఇంకా ఉంది. డివైసెస్ మెనూలో ఆప్టికల్ డ్రైవ్స్‌కి వెళ్లి తీసేసి, రీసెట్ చేయండి. ‘ప్లీజ్ రిమూవ్ ద ఇన్‌స్టలేషన్ మీడియం’ అని తెర మీద ఆగిపోయి ఉంటే ఎంటర్ నొక్కితే చాలు.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది

మన పాస్‌వర్డ్‌లు చాలావాటిలో ‘ఎట్’ గుర్తు, 123 ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీబోర్డు దగ్గర ‘ఇంగ్లిష్ యూకే’ ఎంచుకుంటే, ఆ లేఅవుట్‌లో ‘ఎట్’ గుర్తూ డబుల్ కోట్ గుర్తూ స్థానాలు మారతాయి. అప్పుడు పెట్టిన లేఅవుట్ ఒకటి, లాగిన్ దగ్గర ఉన్నది ఇంకోటి అయితే మీరు కొట్టేది వేరు, కంప్యూటర్‌కి చేరేది వేరు. లాగిన్ తెరలో పైన కుడివైపు భాష గుర్తు మార్చి ప్రయత్నించండి, లేదా ‘ఎట్’ బదులు షిఫ్ట్ పట్టుకుని సింగిల్ కోట్ కీ కొట్టి చూడండి. మన ల్యాప్‌టాప్‌లకు యూఎస్ లేఅవుట్ సరైనది.

యూజర్ పేరు ‘వీబాక్స్‌యూజర్’ అని కనిపిస్తే కథ వేరు. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి ఐఎస్ఓ ఇవ్వగానే మిమ్మల్ని అడగకుండా తనే ఇన్‌స్టాల్ చేసేస్తుంది. 7.0లో దాని పాస్‌వర్డ్ ‘చేంజ్‌మీ’. లోపలికి వెళ్లాక టెర్మినల్ తెరుచుకోదు, సుడో (అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ నడిపేది) కొడితే అనుమతి లేదంటుంది. మేలు చేయబోయి చేసిన కీడు ఇది. టెర్మినల్ తెరుచుకోకపోవడానికి లొకేల్, అంటే భాషా ప్రాంతాల సెట్టింగ్, సరిగా పడకపోవడమే కారణం. సెట్టింగ్స్‌లో రీజియన్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి భాష మార్చి రీస్టార్ట్ చేస్తే తెరుచుకుంటుంది. తర్వాత ‘ఎస్‌యూ -’ కొట్టి, అదే పాస్‌వర్డ్‌తో రూట్ అయి, ‘యూజర్‌మాడ్ -ఏజీ సుడో వీబాక్స్‌యూజర్’ అని కొట్టండి (జీ పెద్ద అక్షరం). ఇంకా ఏమీ పని మొదలుపెట్టనివాళ్లు మాత్రం మెషీన్ తీసేసి కొత్తది చేయడమే సుఖం. ఈసారి ‘స్కిప్ అనాటెండెడ్ ఇన్‌స్టలేషన్’ టిక్ పెట్టండి. కొన్ని వెర్షన్లలో ఇది తిరగబడి ‘ప్రొసీడ్ విత్ అనాటెండెడ్’ అని ఉంటుంది, అక్కడ టిక్ తీసేయాలి. ఈ మొత్తంలో మళ్లీ మొదటి నుంచి చేయమని నేను చెప్పేది ఈ ఒక్క చోటే.

నెట్ రావడం లేదు

నెట్‌వర్క్ సెట్టింగ్ నాట్ (NAT)లో, అంటే గెస్ట్ హోస్ట్ నెట్ ద్వారానే బయటికి వెళ్లే పద్ధతిలో ఉంచండి. హాస్టల్, కాలేజీ వైఫైల మీద బ్రిడ్జ్‌డ్ తరచుగా పనిచేయదు. నాట్‌లో గెస్ట్‌కి 10.0.2.15 అడ్రస్ వస్తే వైరు తగిలినట్టే. ‘పింగ్ 8.8.8.8’ పనిచేస్తూ, పేరుతో సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చేది) సమస్య. ఉబుంటు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఐపీవీ4లో డీఎన్ఎస్‌కి ఆటోమేటిక్ తీసేసి 8.8.8.8 ఇచ్చి, కనెక్షన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. హోస్ట్‌లో వీపీఎన్ నడుస్తుంటే ముందు దాన్ని ఆపి చూడండి.

తెర చిన్నగానే ఉంది, కాపీ-పేస్ట్ లేదు, షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు

మూడింటికీ కావాల్సింది గెస్ట్ అడిషన్స్, అంటే గెస్ట్ లోపల వేసే వర్చువల్‌బాక్స్ సహాయక ప్రోగ్రామ్‌లు. ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, తేడా వస్తే వెనక్కి రావచ్చు. తర్వాత టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, దాని వెనకే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ బీజిప్2’ కొట్టండి. ఇవి లేకుండా నడిపితే అడిషన్స్ ఎక్కినట్టే ఎక్కి, తెర అలాగే ఉంటుంది. ఇప్పుడు డివైసెస్ మెనూ చివర ‘ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్’ నొక్కి, ఆ సీడీలోని ప్రోగ్రామ్ నడిపి, రీస్టార్ట్ చేయండి. కాపీ-పేస్ట్‌కి డివైసెస్ మెనూలోనే షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ని బైడైరెక్షనల్ చేయాలి. అయినా పనిచేయకపోతే, ఉబుంటు 24.04లో అయితే లాగౌట్ అయి, లాగిన్ తెరలో పళ్లచక్రం గుర్తు నుంచి ‘ఉబుంటు ఆన్ ఎక్సార్గ్’ ఎంచుకుని రండి.

షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తున్నా పర్మిషన్ డినైడ్ అంటుంటే, మీ యూజర్‌ని వీబాక్స్‌ఎస్‌ఎఫ్ గ్రూపులో చేర్చాలి: ‘సుడో యూజర్‌మాడ్ -ఏజీ వీబాక్స్‌ఎస్‌ఎఫ్’ (జీ పెద్ద అక్షరం), ఆ పక్కన మీ యూజర్ పేరు. ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఫోల్డర్ మీడియా డైరెక్టరీలో ‘ఎస్‌ఎఫ్_’తో మొదలయ్యే పేరుతో తెరుచుకుంటుంది.