ఇంటి నుంచి పాటల లైవ్: ముందు సౌండ్, తర్వాతే కెమెరా

సొంతంగా పాడేవాళ్లు, వీణో వయోలినో వాయించేవాళ్లు లైవ్ అనగానే ముందు ఏ కెమెరా కొనాలని అడుగుతారు. నేనైతే ఆ డబ్బు మైక్ మీద పెట్టమంటాను. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ సౌండ్ పగిలితే వెంటనే వెళ్లిపోతారు.

యూట్యూబ్‌లో ఫోన్ నంబర్ వెరిఫై చేసి లైవ్ ఆన్ చేసుకోండి. మొదటిసారి దీనికి 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి రెండు రోజుల ముందే చేసేయండి. ఫోన్ యాప్ నుంచి నేరుగా ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. అంతమంది లేకపోతే కంప్యూటర్ నుంచి ఇవ్వొచ్చు, దానికి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. ఫోన్లు, వీడియో కాల్ యాప్‌లు మాటలు స్పష్టంగా వినిపించేలా తయారైనవి, ఆగకుండా ఒకేలా మోగేదేదైనా వాటి లెక్కలో ఫ్యాన్ రొదే, అందుకే తంబూరా నాదాన్నీ శ్రుతిపెట్టెనీ నొక్కేస్తాయి, రాగం చివర సన్నగా జారే స్వరాన్ని కూడా మధ్యలో తుంచేస్తాయి. మృదంగం మీద గట్టి దెబ్బ పడితే సౌండ్‌ను దానంతటదే పెంచి తగ్గించే ఆటో గెయిన్ మొత్తం సౌండ్ తగ్గించేస్తుంది, దాంతోపాటు గొంతూ తగ్గిపోతుంది. మన సంగీతానికి ఇంతకంటే అన్యాయం ఉండదు! రొదను నొక్కేసే నాయిస్ సప్రెషన్, ప్రతిధ్వని తీసేసే ఎకో క్యాన్సిలేషన్, ఆటో గెయిన్ ఎక్కడ కనిపించినా ఆఫ్ చేయండి. జూమ్‌లో అయితే సంగీతకారుల కోసమే ఒరిజినల్ సౌండ్ అనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేయండి.

వీలైతే మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, కొనుక్కోండి. ట్రాఫిక్, కుక్కర్ విజిల్ వినిపించే ఇంట్లో చుట్టుపక్కల చప్పుళ్లు కూడా పట్టేసే కండెన్సర్ మైక్ కంటే దగ్గరి సౌండ్‌నే ఎక్కువగా పట్టే డైనమిక్ మైక్ నయం, గొంతుకు దగ్గరగా పెట్టుకోవాలంతే. మీ పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు పాడి చూసి, సౌండ్ మీటర్ మైనస్ 6 డీబీ దాటకుండా గెయిన్, అంటే మైక్ సౌండ్ పెంచే మీట, పెట్టండి.

నెట్ విషయంలో చూడాల్సింది అప్‌లోడ్ స్పీడ్, అంటే మన దగ్గర్నుంచి బయటికి పంపే వేగం. 720పీ వీడియోకి 4 ఎంబీపీఎస్ పంపాలంటే చేతిలో 8 దాకా ఉండాలి. వైఫై కంటే లాన్ కేబుల్ మేలు, కరెంటు పోతే రౌటర్ ఆగిపోకుండా ఇన్వర్టర్‌కు కలపండి. ఫోన్‌తో ఇస్తుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి, పల్లవి మధ్యలో కాల్ వస్తే తట్టుకోలేం.

ముందురోజు ప్రైవేట్ లైవ్ ఒకటి పెట్టి, చప్పట్లు కొట్టి, తర్వాత రికార్డింగ్ చూడండి. చప్పుడుకీ చేతులకీ పొంతన లేకపోతే ఓబీఎస్‌లో సౌండ్‌ను ముందుకీ వెనక్కీ జరిపే సింక్ ఆఫ్‌సెట్‌తో సరిచేయొచ్చు.

అమెరికాలో మనవాళ్లు కూడా వినాలంటే ఆదివారం ఉదయం 8 గంటలు మంచి సమయం, ఎండాకాలంలో న్యూయార్క్‌లో అది శనివారం రాత్రి 10:30.

త్యాగరాజు 1847లోనే పోయారు, ఆయన కీర్తనల మీద కాపీరైట్ లేదు. అయినా వేరేవాళ్ల రికార్డింగ్‌తో కలిసిందని యూట్యూబ్ నుంచి ఆటోమేటిక్‌గా కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు, అప్పుడు భయపడి వీడియో తీసేయకుండా అది సరికాదని డిస్ప్యూట్ పెట్టండి. సినిమా ట్రాక్ వేసుకుని పాడితే మాత్రం ఆ క్లెయిమ్ న్యాయమైనదే.