రెండు మూడు బ్యాటరీలు కలిపి చార్జింగ్ పెడుతున్నారా? సమస్యలు - పరిష్కారాలు

చెన్నైలో మాధవరం, రెడ్‌హిల్స్ వైపు లారీలు, టెంపోలు నడుపుకునే మనవాళ్ల షెడ్లలో ఈ దృశ్యం మామూలే. గోడవారగా మూడు నాలుగు బ్యాటరీలు, వాటన్నిటికీ ఒకటే చార్జర్, మధ్యలో చేతికి దొరికిన వైరు ముక్కలతో కనెక్షన్లు. చార్జర్ మీద పచ్చలైటు వెలిగితే అన్నీ నిండినట్టే లెక్క. కానీ చార్జర్‌కి తెలిసేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. ఏ బ్యాటరీ ఏ స్థితిలో ఉందో దానికి తెలియదు. కింద చెప్పే గొడవలు చాలావరకు అక్కడ పుట్టేవే.

అందుకే లక్షణం ఏదైనా ముందు కొలత. చార్జర్ ఆపి, లింకు వైర్లు విప్పి, నాలుగైదు గంటలు ఆగి, మల్టీమీటర్‌తో ఒక్కో బ్యాటరీని విడిగా చూడండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే బాగా దిగితే ఖాళీ. రాత్రంతా చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఉంటే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే. దాన్ని పక్కన పెట్టేయండి, దేనితోనూ కలపకండి.

చెయ్యి పెట్టేముందు ఉంగరం, వాచీ తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ప్లస్ నట్టు విప్పుతుండగా స్పానర్ రెండో కొస బాడీకి తగిలిందంటే వెల్డింగ్ షాపుకి వెళ్లక్కర్లేదు, అక్కడే అతుక్కుంటుంది. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్.

లారీలో రెండు బ్యాటరీలు, ఎప్పుడూ ఒకటే ముందు పోతోంది

24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపి ఉంటాయి. పాటల సెట్టుకి, సెల్ చార్జర్‌కి, క్యాబిన్ ఫ్యానుకి 12 వోల్టులు కావాలని ఎవరో ఒకరు కింది బ్యాటరీ నుంచే, అంటే మైనస్ బాడీకి బిగించినదాని నుంచే, వైరు లాగేసి ఉంటారు. ఇక రోజూ దానికే ఖర్చెక్కువ. ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీలను చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మాత్రం రెండిటి గుండా ఒకే కరెంటు పంపుతుంది. ఇంజను నడుస్తుండగా రెండిటి మీద కలిపి కొలిస్తే 28.4 వస్తుంది, ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. విడిగా కొలవండి: పైదాని మీద 15.2, కిందిదాని మీద 13.2 ఉన్నా మొత్తం అదే 28.4. పైది ఉడికి ఉడికి నీళ్లు ఆరిపోతుంది. కిందిది ఎప్పటికీ నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. చివరికి రెండూ పోతాయి, వేర్వేరు జబ్బులతో.

ఆ వైరు తీసేయించి, 24ని 12కి దించే కన్వర్టర్ పెట్టించండి. జీపీ రోడ్డు షాపుల్లో అడగండి. తర్వాత రెండు బ్యాటరీల మధ్య లింకు విప్పి, ఒక్కోదాన్నీ 12 వోల్టుల చార్జర్‌తో పూర్తిగా నింపి మళ్లీ కలపండి. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే ఆంపియర్ అవర్లవి (అంటే ఒకే సామర్థ్యం ఉన్నవి) మార్చండి. ఒక కొత్తదీ ఒక పాతదీ జోడెడ్లలో ఒకటి కుంటిదైనట్టే, బండి కుంటిదాని నడకే నడుస్తుంది. 80 ఆంపియర్ అవర్లదాన్ని 100తో సిరీస్‌లో పెట్టినా ఇదే తంతు: చిన్నది ముందు నిండి ఉడుకుతుంది, ముందు ఖాళీ అయ్యేదీ అదే.

ప్యారలల్‌లో పెడితే మొదటిది నిండుతోంది, చివరిది నిండట్లేదు

ప్యారలల్ అంటే ప్లస్‌లన్నీ ఒకటిగా, మైనస్‌లన్నీ ఒకటిగా కలపడం. చార్జర్ క్లిప్పులు రెండూ మొదటి బ్యాటరీకే పెట్టి ఉంటారు. చివరిదాకా కరెంటు వెళ్లాలంటే లింకు వైర్లన్నీ దాటాలి, వైరు సన్నమయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది. ఎర్ర క్లిప్పు మొదటి బ్యాటరీ ప్లస్‌కి, నల్ల క్లిప్పు చివరి బ్యాటరీ మైనస్‌కి పెట్టండి. లింకు వైర్లు ఒకే మందం, ఒకే పొడవు ఉండాలి.

కలిపేటప్పుడు పెద్ద నిప్పురవ్వ వచ్చిందంటే రెండిటి వోల్టేజీలో తేడా ఉన్నట్టు. నిండినది ఖాళీదానిలోకి ఒక్కసారిగా కరెంటు తోస్తుంది. ముందు విడివిడిగా చార్జ్ చేసి, తేడా 0.1 వోల్టుకి వచ్చాక కలపండి. చార్జింగ్ కరెంటు ఆంపియర్ అవర్లలో పదో వంతు దాటకూడదు: 80కి 8 ఆంపియర్లు, అలాంటివి రెండు ప్యారలల్‌లో ఉంటే 16. చిన్న చార్జర్ అయితే ఇంకా ఆలస్యమవుతుంది, అంతకుమించి నష్టం లేదు.

ఒక బ్యాటరీ మాత్రం బాగా వేడెక్కిపోతోంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది

లోపల సెల్ షార్టై ఉండాలి, లేదా చార్జింగ్ మితిమీరి ఉండాలి. కంగారులో క్లిప్పు మాత్రం పీకకండి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు, క్లిప్పు దగ్గర రవ్వ దాన్ని అంటిస్తుంది. అప్పుడు బ్యాటరీ పేలి యాసిడ్ మొహం మీద పడుతుంది. దూరంగా ఉన్న మెయిన్ స్విచ్ కట్టేసి, షట్టర్ పైకెత్తి, బయటికి వచ్చేయండి. లోపలి ఫ్యాను వేయడానికీ వెళ్లకండి. చల్లారాక విప్పి, దాన్ని ఇక వాడకండి. వానలొస్తే షట్టర్ దించేసి లోపల చార్జింగ్ పెట్టే అలవాటు మన షెడ్లలో ఉంది. కొత్త చార్జర్ కొనే డబ్బుతో ముందు పైన ఒక వెంటిలేటర్ పెట్టించడం మేలు.

యాసిడ్ కంట్లో పడితే వెంటనే కనీసం పావుగంట మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, ఆసుపత్రికి వెళ్లండి.

నీళ్లు తొందరగా ఆరిపోతున్నాయి

చార్జర్ మీద రాసిన 14.4 వోల్టులు 25 డిగ్రీల వేడికి సరిపోయే లెక్క. మే నెలలో మన రేకుల షెడ్డు 40 దాటుతుంది. డిగ్రీకి సుమారు 0.024 వోల్టు చొప్పున తగ్గించాలి కాబట్టి అక్కడ 14 దగ్గర ఆగితే చాలు. టెంపరేచర్ సెన్సర్ ఉన్న చార్జర్ వాడండి, లేకపోతే రాత్రి చల్లబడ్డాక పెట్టండి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఇంట్లో తాగే క్యాన్ వాటర్‌లో లవణాలుంటాయి, పనికిరాదు. యాసిడ్ అసలే పోయకండి. చార్జింగ్‌కి ముందు ప్లేట్లు మునిగితే చాలు, గుర్తుదాకా నింపేది చార్జింగ్ అయ్యాకే.

చార్జర్ బ్యాటరీని గుర్తించట్లేదు

బాగా డౌన్ అయిన బ్యాటరీని స్మార్ట్ చార్జర్లు పట్టించుకోవు. పక్కన మంచి బ్యాటరీ కలిపి చార్జర్‌ని మోసం చేసే చిట్కా అందరికీ తెలిసిందే. నాకది నచ్చదు, డౌన్ అయినదానిలో సెల్ పోయి ఉంటే మంచిదాన్నీ వేడెక్కిస్తుంది. మాన్యువల్ మోడ్ ఉన్న చార్జర్‌తో తక్కువ కరెంటులో, దగ్గరుండి పెట్టండి.

బైక్ బ్యాటరీ 5 ఆంపియర్ అవర్లదైతే కారు చార్జర్‌కి తగిలించకండి. ఎలక్ట్రిక్ స్కూటర్ లిథియం ప్యాక్‌కి దాని సొంత చార్జరే వాడాలి, దాన్ని ఇంకో దేనితోనూ కలపకూడదు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో వేళచ్చేరి, పళ్లికరణై వైపు బళ్లు ఎలా మునిగాయో చూశాం కదా. అలా మునిగిన లిథియం ప్యాక్‌ని ఆరబెట్టి చార్జింగ్ పెట్టకండి. బండిని ఇంటికి దూరంగా, ఆరుబయట నిలిపి సర్వీసు వాళ్లని పిలవండి.

జంప్ ఇస్తే ఎలక్ట్రానిక్స్ పోయాయి

జంప్ అంటే డౌన్ అయిన బండిని ఇంకో బండి బ్యాటరీతో స్టార్ట్ చేయడం. 24 వోల్టుల లారీ నుంచి 12 వోల్టుల కారుకి ఇచ్చారేమో చూడండి, అది ఎప్పుడూ కూడదు. రెండూ 12 అయితే ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయినదాని ప్లస్‌కి, తర్వాత మంచిదాని ప్లస్‌కి. నల్లది మంచిదాని మైనస్‌కి పెట్టి, చివరి కొసను డౌన్ అయిన బండి ఇంజను మీద రంగులేని ఇనుముకి బిగించండి. తీసేటప్పుడు ఇదే వరుస వెనక్కి.