పిస్టల్ షూటింగ్ కోసం లైసెన్స్ పెట్టుకుంటున్నారా? ముందు ఏ తుపాకీయో తేల్చుకోండి

షూటింగ్ నేర్చుకోవాలని కోరిక పుట్టగానే చాలామంది ముందు లైసెన్స్ కోసం తిరగడం మొదలుపెడతారు, తుపాకీ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటారు. కానీ దరఖాస్తు ఫారంలోనే ఏ రకం ఆయుధం కావాలి, ఎందుకు కావాలి అని అడుగుతారు. దానికి సూటిగా జవాబు రాయలేకపోతే ఎంక్వైరీలో కూడా తడబడతారు. అందుకే తుపాకీ ఎంపిక ముందు, ఫారం తర్వాత.

అసలు మొదటి పిస్టల్‌కి లైసెన్సే అక్కర్లేకపోవచ్చు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, .177 అంగుళం (4.5 మిల్లీమీటర్లు) మించకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ పిస్టల్‌కి, అంటే గాలి ఒత్తిడితో పేల్చే పిస్టల్‌కి, లైసెన్స్ అవసరం లేదు. ఇదేదో ఆటబొమ్మ అని తీసిపారేయకండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో వాడేది ఈ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లనే (చిన్న లోహపు గుళ్లు). ఆ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పది మీటర్ల దూరంలో నిలబడి ఒంటి చేత్తో దాన్ని కొట్టాలి. అది వరసగా కొట్టడం వచ్చినవాళ్లకి ఏ పిస్టల్ ఇచ్చినా తొందరగా అలవాటవుతుంది.

ఎయిర్ పిస్టల్‌లో కూడా స్ప్రింగ్‌తో పనిచేసేవి కాలుస్తున్నప్పుడే చేతిలో కుదుపునిస్తాయి, దాంతో తప్పు చేతిదో పిస్టల్‌దో కొత్తవాళ్లకి తెలియదు. ముందే గాలి నింపుకునే సిలిండర్ రకం ఖరీదెక్కువే గానీ కదలదు, నేర్చుకోవడానికి అదే మేలు. ఇక గ్రిప్, అంటే పిడి. చేతిలో పట్టుకున్నాక చూపుడువేలు మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద సహజంగా వాలాలి, వేలు సాగదీయాల్సి వచ్చినా, మరీ లోపలికి వెళ్లిపోయినా ఆ గ్రిప్ మీది కాదు. ఎడమచేతి వాటం వాళ్లు ఎడమచేతి గ్రిప్ అడిగి తీసుకోండి, కుడిచేతి దానితో సర్దుకుపోదామనుకుంటే పట్టు సరిగ్గా కుదరదు. కొనేముందు క్లబ్‌లో ఉన్న పిస్టళ్లతో కొన్నాళ్లు కాల్చి చూడండి, దీనికి మించిన సలహా నా దగ్గర లేదు.

తూటా పేల్చే పిస్టలే కావాలంటే .22 తీసుకోండి. శబ్దం తక్కువ, తన్ను తక్కువ, తూటా ఖర్చు కూడా తక్కువ. కొత్తవాళ్లకి అసలు శత్రువు భయం, పేలుతుందని ముందే ఊహించి చెయ్యి బిగుసుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి కోచ్‌లు మీకు చెప్పకుండా ఒక డమ్మీ తూటా కలిపేస్తారు. ట్రిగ్గర్ నొక్కగానే టిక్ మని శబ్దం వస్తుంది, పేలదు, కానీ పిస్టల్ మూతి మాత్రం చటుక్కున కిందికి వంగుతుంది. అది చూస్తే మీకే అర్థమైపోతుంది. పెద్ద బోరుతో మొదలుపెడితే ఈ అలవాటు ముదిరిపోతుంది. .32 రివాల్వర్లు చాలావరకు ఆత్మరక్షణ కోసం చేసినవి, గొట్టం పొట్టి, గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం తక్కువ, కాబట్టి చిన్న తేడా కూడా టార్గెట్ మీద పెద్దదై కనిపిస్తుంది. నేర్చుకోవడానికి వద్దు. 9 ఎంఎం గురించి ఆలోచించొద్దు, అది మన దగ్గర నిషేధిత బోరు.

ఇప్పుడు దరఖాస్తు. ముందు గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకోండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అలాంటి క్లబ్ సభ్యుడు టార్గెట్ ప్రాక్టీస్ కోసం .22 రైఫిల్ అడిగితే, అనర్హతలేమీ లేనప్పుడు, లైసెన్స్ ఇవ్వాల్సిందే. పిస్టల్‌కి ఆ హామీ లేదు, మీ దగ్గర సరైన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. అందుకే సభ్యత్వ పత్రం, ఆడిన పోటీల సర్టిఫికెట్లు, స్కోర్లు జత చేయండి. కారణం గడిలో ఆత్మరక్షణ, క్రీడ రెండూ కలిపి రాయకండి, మీకు కావాల్సింది క్రీడకైతే అదొక్కటే రాయండి.

వ్యక్తులు నింపాల్సింది ఏ-1 ఫారం. ఆయుధ లైసెన్సుల కోసం కేంద్ర హోంశాఖ నడిపే ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపి, ఆ ప్రింటు, పత్రాలు లైసెన్స్ ఇచ్చే అధికారికి ఇవ్వాలి. జిల్లాల్లో ఆ అధికారి కలెక్టర్, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్. ఫొటోలు, పుట్టినతేదీ రుజువు, గుర్తింపు, చిరునామా పత్రాలు, మానసిక, శారీరక ఆరోగ్యం మీద డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధం ఇంట్లో ఎక్కడ భద్రంగా పెడతారో హామీ, ఇవన్నీ కావాలి. ఆయుధ భద్రతా శిక్షణ సర్టిఫికెట్ కూడా ముందే తెచ్చిపెట్టుకోండి. మామూలుగా 21 ఏళ్లు నిండాలి, అంతకంటే చిన్నవాళ్లు శిక్షణలో వాడుకోవడానికి చట్టంలోనే వెసులుబాటు ఉంది.

తర్వాత మీ స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వస్తారు. టెన్షన్ పడాల్సిన పనేం లేదు, పాత కేసేదైనా ఉంటే ఫారంలోనే రాసేయండి, దాచిపెట్టింది బయటపడితే అసలుకే మోసం వస్తుంది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది, ఎవరైనా ఆస్తి పత్రాలు లేవని వెనక్కి పంపితే ఈ సెక్షన్ చూపించండి. నిరాకరిస్తే కారణం రాతలో నమోదు చేయాలి, అప్పీలుకి వెళ్లే హక్కు 18వ సెక్షన్ ఇస్తుంది.

లైసెన్స్ వచ్చాక కొనుగోలు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్స్ గడువు 3 నుంచి 5 ఏళ్లయింది, మామూలు లైసెన్స్‌దారు దగ్గర ఉండదగ్గ తుపాకులు మాత్రం 3 నుంచి 2కి తగ్గాయి. అంటే అక్కరకు రాని రివాల్వర్ ఒకటి కొనేస్తే, ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి పోయినట్టే. కొన్నాక పిస్టల్ నంబరు లైసెన్స్‌లో సరిగ్గా ఎక్కిందో లేదో అక్కడే నిలబడి అంకె అంకె సరిచూసుకోండి, ఒక్క అంకె తేడా ఉన్నా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లే దారిలో తనిఖీ జరిగితే మీ మెడకు చుట్టుకుంటుంది.