పాత సినిమాలో విన్న పేరు తెలియని సంగీతాన్ని వెతికి పట్టుకోవడం ఎలా?

పాత తెలుగు సినిమా చూస్తుంటారు. కథానాయిక ఉత్తరం మడిచి పెట్టెలో దాచుకుంటుంది. వెనక అర నిమిషం పాటు ఒక వీణ మోగి ఆగిపోతుంది. అది పాట కాదు కాబట్టి పాటల జాబితాలో ఉండదు. వాయించినవారి పేరు ఎక్కడా కనిపించదు. అయినా ఆ వీణ చెవిని వదలదు.

ఇలాంటి సంగీతాన్ని వెతకడానికి తెలుగువారికి చెన్నైని మించిన ఊరు లేదు. మన సినిమాలు కొన్ని దశాబ్దాల పాటు ఎక్కువగా వడపళని, కోడంబాకం, సాలిగ్రామం చుట్టుపక్కల స్టూడియోల్లోనే తయారయ్యాయి. వాయించినవారిలో కొందరు, వారి పిల్లలు, శిష్యులు ఇప్పటికీ ఆ వీధుల్లోనే ఉన్నారు. చాలామంది ఫోనులో పాట పేరు చెప్పే యాప్ ఒకటి తెరిచి, సమాధానం రాకపోతే అక్కడే వదిలేస్తారు. యాప్‌కు తెలియనిది మనుషులకు తెలుసు. కాకపోతే వారి దగ్గరికి సరైన ప్రశ్నతో వెళ్లాలి. ఆ ప్రశ్న సిద్ధం చేసుకోవడమే ఈ వెతుకులాటలో అసలు పని.

ముందుగా ఆ ముక్కను పట్టి ఉంచండి

సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, గంటలు నిమిషాలు సెకన్లతో సహా ఆ సంగీతం మొదలైన చోటు, ముగిసిన చోటు రాసుకోండి. సన్నివేశం ఏమిటో ఒక వాక్యంలో చాలు. వినిపించిన వాద్యాలన్నీ రాయండి. అది వీణో సితారో తేలకపోతే 'మీటే వాద్యం' అని రాయండి. ఊహించి రాసిన పేరు తరువాత మిమ్మల్నే తప్పుదారి పట్టిస్తుంది.

ఆ తరువాత సినిమా మొత్తం మరోసారి చూడండి. ఈసారి చూపు కన్నా చెవికి పని చెప్పండి. నేపథ్య సంగీతంలో ఒకే బాణీ మళ్లీ మళ్లీ వస్తుంది. మీకు నచ్చిన చోట సంభాషణ అడ్డుపడి ఉండవచ్చు, అదే బాణీ మరో రీలులో ఏ మాటా లేకుండా నిమిషం పాటు వినిపించవచ్చు. టైటిల్స్ నడుస్తున్నప్పుడు వచ్చే సంగీతాన్ని ప్రత్యేకంగా వినండి. సినిమాలోని ముఖ్యమైన బాణీలను అక్కడ గుదిగుచ్చడం అప్పటి అలవాటు. ఎక్కువసేపు, స్పష్టంగా వినిపించే చోటునే కోసి దాచుకోండి.

చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. మన దేశపు టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. అందువల్ల టీవీ కోసం టేపుకు ఎక్కించినప్పుడు చాలా సినిమాలు కొద్దిగా వేగంగా నడిచాయి, శ్రుతి కూడా అర మెట్టు కన్నా కాస్త ఎక్కువే పైకి జరిగింది. ఇప్పుడు యూట్యూబ్‌లో దొరికే పాత సినిమాల్లో ఆ టేపుల నుంచి వచ్చినవి ఎన్నో ఉన్నాయి. మీ ముక్కకు హార్మోనియం మీద శ్రుతి వెతకండి. అది ఏ మెట్టు మీదా కుదురుగా నిలవకుండా రెండు మెట్ల మధ్య ఊగుతుంటే ఈ తేడా ఉందేమోనని అనుమానించండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 4 శాతం తగ్గిస్తే అసలు శ్రుతి తిరిగి వస్తుంది. వేగం, శ్రుతి రెండూ కలిసి తగ్గే ఆదేశాన్నే వాడాలి. రాగం గుర్తుపట్టడానికి ఈ తేడా అడ్డు రాదు. యాప్‌కూ, గ్రామఫోను రికార్డుతో పోల్చేటప్పుడు మీకూ తప్పకుండా అడ్డు వస్తుంది.

అది ఏ కోవకు చెందినదో తేల్చండి

సినిమాలో వినిపించే సంగీతం స్థూలంగా నాలుగు కోవలు: ఏదో పాట బాణీని వాద్యాల మీద వాయించినది, ఆ సన్నివేశం కోసమే రీరికార్డింగులో (చిత్రీకరణ అయ్యాక నేపథ్య సంగీతం చేర్చే పనిలో) కట్టినది, సంప్రదాయంగా ఉన్న కృతి లేదా వాద్య రచన, వేరే రికార్డు నుంచి ఎత్తి పెట్టినది. ఒక్కో కోవను వెతకాల్సిన చోటు వేరు.

పాట బాణీ అయితే పని సులువు, ఆ సినిమా పాటలన్నీ వరుసగా వింటే దొరుకుతుంది. గ్రామఫోను రికార్డుల్లోని పాటలతో సరిపెట్టుకోకుండా సినిమాలోని పాటలనే వినండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు పట్టేది మూడు మూడున్నర నిమిషాలే కాబట్టి సినిమాలో ఉన్న చరణమో వాద్యాల ముక్కో రికార్డులో లేకుండా పోవడం మామూలే.

సంప్రదాయ సంగీతాన్ని పట్టుకునే తీరు చూడండి. గుడి ఉత్సవం సన్నివేశంలో నాదస్వరం మోగుతుందనుకుందాం. మాటలు లేవు, డోలు ముందుగా అందుకుంది, నడక గంభీరంగా ఉంది. స్వరాలు పట్టి చూస్తే స గ మ ప ని మాత్రమే వినిపిస్తున్నాయి, రి గానీ ద గానీ లేవు. అది గంభీరనాట రాగం కావచ్చు. స్వామి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు ఆ రాగంలో మల్లారి అనే నాదస్వర రచన వాయించడం తమిళనాడు ఆలయాల్లో ఆచారం. ఇంతవరకు తేలాక సినిమా పాటల జాబితాలు పక్కన పెట్టండి. మైలాపూరు కపాలీశ్వరాలయానికో వడపళని మురుగన్ కోవెలకో సాయంత్రం వెళ్లి, సేవ ముగిశాక నాదస్వర విద్వాంసుడిని పలకరించి ముక్క వినిపించండి. అది ఏ తాళంలో నడిచే మల్లారో అక్కడికక్కడే చెప్పగలిగే విద్వాంసులు ఆ కోవెళ్లలో ఉంటారు. స్వరాలు పట్టడం మీకు రాకపోతే వీధిలో సంగీతం నేర్పే టీచరుగారిని అడగండి. చెన్నైలో అలాంటివారు లేని పేట లేదు.

నాలుగో కోవను గుర్తుపట్టే తీరు వేరు. అపరాధ పరిశోధన చిత్రంలో ఉన్నట్టుండి పెద్ద పాశ్చాత్య వాద్యబృందం మోగి, మిగతా సినిమాతో పొందిక లేకుండా ధ్వని మారిపోతే, అది విదేశీ ఎల్పీ రికార్డు నుంచి తీసుకున్న ముక్క కావచ్చు. సినిమాలకు అరువిచ్చేందుకే సంగీతం తయారుచేసి ఉంచే సంస్థలు కూడా ఉన్నాయి. లండన్‌లోని డి వుల్ఫ్ 1909 నుంచి ఉంది.

యాప్‌లను ఎక్కడ నమ్మాలి

షజామ్ వంటి యాప్ ధ్వనిలోని శిఖరాలను గుర్తించి, తన దగ్గర ఉన్న రికార్డింగులతో పోల్చుతుంది. అచ్చంగా అదే రికార్డింగు దాని దగ్గర ఉంటేనే పేరు చెబుతుంది. కాబట్టి నాలుగో కోవకు అది బాగా పనికివస్తుంది, వేగం సరిచేసిన ముక్కనే వినిపించండి. రీరికార్డింగు కోసం కట్టిన బిట్ ఏ రికార్డుగానూ రాలేదు కాబట్టి షజామ్ దగ్గర దొరకదు. గూగుల్‌లో కూనిరాగం తీసి వెతికే సదుపాయం 2020 నుంచి ఉంది. అది బాణీని బట్టి పోల్చుతుంది కాబట్టి మొదటి కోవకు ఒకసారి ప్రయత్నించవచ్చు. పది పదిహేను సెకన్లు, సాహిత్యం లేకుండా, గమకాలు తగ్గించి పాడండి.

పక్క భాషల్లోకి తొంగిచూడండి

మద్రాసులో సినిమాలు ఒకే స్టూడియోలో రెండు మూడు భాషల్లో తయారయ్యేవి. 1955 నాటి మిస్సమ్మకు తమిళంలో మిస్సియమ్మ ఉంది. 1957లో హిందీలో మిస్ మేరీగా తీసినప్పుడు సంగీతం హేమంత్ కుమార్‌ది, అయినా సాలూరి రాజేశ్వరరావు కట్టిన బృందావనం పాట బాణీ అక్కడ కూడా వినిపిస్తుంది. తెలుగు ప్రింటు అరిగిపోయి వినపడనిది తమిళ ప్రింటులో శుభ్రంగా ఉండవచ్చు. మీ సినిమాకు మరో భాషలో జోడీ ఉందేమో తప్పక చూడండి.

కాగితాల్లో వెతకండి

టైటిల్స్‌ను ఆపి ఆపి చదవండి. సంగీత దర్శకుడి పేరు దగ్గర ఆగిపోకుండా కింద సహాయకుల పేర్లు, వాద్యబృందం పేరు, శబ్దగ్రహణం చేసినవారి పేరు రాసుకోండి. నేపథ్య సంగీతం విషయంలో సహాయకుల పేర్లకు చాలా విలువ ఉంది. కె.వి. మహాదేవన్ దగ్గర పుహళేంది, ఘంటసాల దగ్గర పట్రాయని సంగీతరావు ఏళ్ల తరబడి పనిచేశారు. పెద్ద పేరు వెనక ఎవరి చేయి ఉందో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. టైటిల్స్ కూడా అన్నీ చెప్పవు. 1957 నాటి మాయాబజార్‌కు సంగీతం ఘంటసాల పేరు మీద ఉంది, కానీ అందులో నాలుగు పాటల బాణీలు రాజేశ్వరరావు కట్టి తప్పుకున్నవి.

టైటిల్స్ కోసేసిన ప్రింటే దొరికితే పాటల పుస్తకం వెతకండి. థియేటర్ల దగ్గర అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో కథాసారాంశం, పాటలతో పాటు సాంకేతిక నిపుణుల పేర్లు కూడా ఉండేవి. 1985లో మూర్ మార్కెట్ తగలబడ్డాక పాత పుస్తకాల వ్యాపారులు సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళం సముదాయంలోకి మారారు, అక్కడ అడిగి చూడండి. తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ప్రధానంగా తమిళానిది. మీ సినిమాకు తమిళ జోడీ ఉంటే దాని వివరాల కోసం అది పనికివస్తుంది. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం దేశంలో అచ్చయిన పుస్తకాల ప్రతులు చేరే నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. పాత తెలుగు పత్రికల్లోని చిత్ర సమీక్షలు, షూటింగు విశేషాలు అక్కడ అడగండి. సినిమా పేరుతో కాకుండా విడుదలైన నెల చెప్పి పత్రికల సంపుటాలు అడిగితే పని త్వరగా అవుతుంది.

మనుషుల దగ్గరికి

రీరికార్డింగు కోసం కట్టిన సంగీతానికి చివరి ఆధారం మనుషులే. తెర మీద రీలు నడుస్తుంటే చూస్తూ, హాలులో అందరూ కలిసి ఒకేసారి వాయించిన రోజులవి. ఒక వయొలిన్ విద్వాంసుడు పొద్దున తెలుగు సినిమాకు, సాయంత్రం తమిళ సినిమాకు వాయించేవారు. వడపళని వైపు సినీ సంగీత కళాకారుల సంఘం ఉంది, ఆ కాలం వాద్యకారుల గురించి అక్కడ అడగవచ్చు. టి.నగర్‌లోని ఆస్కా వంటి తెలుగు సంఘాల కార్యక్రమాలకు వచ్చే పెద్దల్లో సినిమా కుటుంబాలతో బంధుత్వం, స్నేహం ఉన్నవారు ఎందరో ఉంటారు. వారి ద్వారా పరిచయం చేయించుకుని వెళ్లడం మర్యాద.

వెళ్లే ముందు ఫోను చేసి వీలు కనుక్కోండి. పెద్దలకు ఫోనులోని చిన్న స్పీకరు మీద ఏమీ వినపడదు, చేతిలో పట్టే మంచి స్పీకరు ఒకటి తీసుకెళ్లండి. సినిమా పేరు ముందే చెప్పకండి. చెబితే ఆ సినిమా జ్ఞాపకాల్లోకి వెళ్లిపోతారు, సంగీతం వినరు. "మాస్టారూ, ఈ వీణ ఎవరి చేయి అనిపిస్తోంది?" అని మాత్రం అడిగి ముక్క వినిపించండి. మీటులోని ఒడుపు, జారులు వేసే తీరు, తంత్రిని లాగే బలం బట్టి తోటి వాద్యకారులు ఒకరినొకరు పోల్చుకోగలరు. వారు పేరు చెప్పాక సినిమా పేరు, సంవత్సరం చెప్పండి. అప్పుడు వాద్యబృందాన్ని నడిపిన కండక్టరు ఎవరో, ఏ స్టూడియోలో వాయించారో ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తాయి. రికార్డు చేసుకోవాలనుకుంటే అనుమతి అడిగే చేసుకోండి.

ఒక్కరి మాటతో తేల్చేయకండి. అదే ముక్కను సంబంధం లేని మరొకరికి, మొదటివారు చెప్పిన పేరు బయటపెట్టకుండా వినిపించండి. ఇద్దరూ ఒకే పేరు చెబితే, అదే విద్వాంసుడు వాయించిన మరో రికార్డింగుతో పోల్చి చూడండి. పేర్లు వేరైతే రెండూ రాసి ఉంచండి.

దొరికిన వివరాలు ఒకే కాగితం మీద పెట్టండి: సినిమా, సమయం, రాగం, వాద్యకారుడు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. నలుగురితో పంచుకునేటప్పుడు చెప్పినవారి అనుమతితో వారి పేరు కూడా వేయండి. ఆ ముక్కను మీరే ఏదైనా చిత్రంలోనో ప్రదర్శనలోనో వాడాలనుకుంటే హక్కుల సంగతి వేరుగా చూసుకోవాలి. మన చట్టం ప్రకారం సినిమాకు, ధ్వనిముద్రణకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. స్వరకర్త రచనకు మాత్రం ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అంటే సినిమా గడువు ముగిసినా బాణీ మీద హక్కు మిగిలి ఉండవచ్చు. అలాంటప్పుడు స్వరకర్త కుటుంబాన్ని గానీ సంగీత సంస్థను గానీ అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.